టీవీ మూలన నలుపు

మా పాత టీవీ పగిలింది మా తమ్ముడి తల తగిలి. వాడి తలకేమీ కాలేదు. మా ఇంట్లో తలలు గట్టివి, వస్తువులే నిలవవు. అన్నయ్య సినిమా చూస్తుంటే వీడు ఆట పెట్టుకుంటానన్నాడు. మాటా మాటా పెరిగింది. అన్నయ్య మెడ పట్టి ఒక్క తోపు తోస్తే వీడు వెళ్ళి తెరలో పడ్డాడు. నుదుటి మీద గాజు ముక్కలు నేను పట్టకారుతో ఏరుతుంటే, "పోనీలే అక్కా, ఎలాగూ పాతదేగా" అని నవ్వుతున్నాడు. ఎండాకాలం అప్పుడే మొదలైంది.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. కింద నాన్న బాక్సింగ్ జిమ్, పైన మేం ఉండే నాలుగు గదులు. నాన్నని అందరూ కోచ్ అంటారు. మోకాళ్ళు అరిగిపోయి నడక తగ్గింది గాని నోరు మాత్రం ఏమీ అరగలేదు. ఆయన పెట్టిన చట్టం ఒకటుంది. పైన ఏ తగువొచ్చినా కింద రింగులో తేలాలి. మూడు రౌండ్లు. గెలిచినవాడి మాట చెల్లుతుంది, ఓడినవాడు మళ్ళీ ఆ ఊసెత్తకూడదు. అక్కడితో అయిపోదు. గెలిచినవాడు కోరినదాన్ని ఓడినవాడే వెళ్ళి, తన నోటితో అడిగి తేవాలి. అలా చేస్తేనే కడుపులో కక్ష మిగలదని ఆయన సిద్ధాంతం. గోడలకి ఏ రంగు వెయ్యాలన్న తగువులో తమ్ముడికి ఒక పన్ను ఊడింది. మర్నాడు ఆ వాచిన దవడతోనే వెళ్ళి అన్నయ్యకి నచ్చిన రంగు డబ్బాలు మోసుకొచ్చాడు.

పన్నెండో ఏట నుంచీ గంట కొట్టేదీ, పడ్డవాడికి పది లెక్కపెట్టేదీ నేనే. ఆడపిల్లనని నాన్న నన్ను ఎప్పుడూ కొట్టుకోనివ్వలేదు. వీధి చివర చిన్న కొట్టులో కుట్టుమిషన్లు బాగుచేస్తాను. మొరాయించిన మిషన్‌ని విప్పి, నూనె వేసి, మళ్ళీ బిగిస్తే నోరు మూసుకుని పనిచేస్తుంది. మా అన్నదమ్ములకి ఆ సుగుణం లేదు.

అన్నయ్య ఆరడుగుల మనిషి. జిమ్‌లో పాఠాలు చెప్తాడు. ఒకప్పుడు పెద్ద పోటీల్లో కొట్టేవాడు, ఒక ఓటమి తర్వాత మానేశాడు. తనకున్న సుఖమల్లా సాయంత్రం దీపాలార్పి, నాలుగు మూలలా స్పీకర్లు పెట్టుకుని సినిమా చూడటం. తమ్ముడు సన్నగా, పురుగులా చురుగ్గా ఉంటాడు. సెల్‌ఫోన్లకి పగిలిన అద్దాలు మారుస్తాడు. తెరమీద ఇద్దరు మనుషులు కొట్టుకునే ఆట ఒకటుంది, అందులో వాణ్ణి కొట్టేవాడు మా చుట్టుపక్కల లేడు. ఎండాకాలం చివర ఆ ఆటకి పెద్ద పోటీ ఉంది. వాడి జట్టు మొదటిసారి అందులోకి వెళ్తోంది. వాడికి అదే లోకం.

"నిజం దెబ్బలు తినలేనోడికి బొమ్మ దెబ్బలు" అనేవాడు అన్నయ్య.

"నిజం దెబ్బలు తిని నువ్వేం సాధించావో చూశాంగా" అనేవాడు వీడు. అంతే, కుర్చీ ఒకటి గాల్లోకి లేచేది.

నాన్న తేల్చి చెప్పాడు. "ఒక్క టీవీ. పెద్ద గదిలో. వాడి సినిమాకీ అదే, వీడి ఆటకీ అదే. ఇద్దరూ వెళ్ళి చూసి రండి. నువ్వూ వెళ్ళమ్మాయ్, షాపులో ఏదీ పగలకుండా."

టీవీల షాపులో టై కట్టుకున్న సేల్స్‌మన్ ఓపికమంతుడు. గది ఎంత, సోఫా గోడకి ఎంత దూరం, ఎండ ఏ కిటికీలోంచి పడుతుంది, అన్నీ అడిగాడు. చివరికి రెండు టీవీల ముందు నిలబెట్టాడు. ధర రెండింటికీ ఒకటే.

"ఇది చూడండి సార్. గోడంతా ఇదే. సినిమాకి దీన్ని మించింది లేదు. కాకపోతే ఆటకి కొంచెం నెమ్మది. మీరు బటన్ నొక్కాక తెరమీద చెయ్యి లేవడానికి కాస్త ఆలస్యమవుతుంది. ఇదిగో, ఇది చిన్నది. సెకనుకి నూట ఇరవై బొమ్మలు. నొక్కీ నొక్కకముందే పడుతుంది దెబ్బ."

"కాస్త ఆలస్యమంటే?" అని అడిగాను.

"కంటిరెప్ప కొట్టేంత కూడా ఉండదు మేడమ్."

"విన్నావా?" అన్నాడు అన్నయ్య. "రెప్పపాటు కూడా లేనిదానికి తెర సగం చేసుకుంటామా?"

"ఆ రెప్పపాటులోనే నేను చస్తానన్నయ్యా. అవతలివాడు నన్ను కొట్టేది అప్పుడే."

"చావు."

వీడు నవ్వుతూ పెద్ద టీవీ వైపు వేలు పెట్టి, "నీలాంటిదేలే. ఒళ్ళు పెద్దది, చెయ్యి లేవదు" అన్నాడు. సేల్స్‌మన్‌కి పాపం నవ్వొచ్చింది. ఆ నవ్వుతో అన్నయ్యకి మండింది. చొక్కా పట్టి వీణ్ణి స్పీకర్ల వరుస మీదకి విసిరాడు. వీడు పడుతూనే కాలితో అన్నయ్య మోకాలి మీద తన్నాడు. అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో దూరిన నాకు ఎవరి మోచెయ్యో తగిలి పెదవి చిట్లింది. నోట్లో రక్తం పెట్టుకుని నేనే అన్నాను, "ఇక్కడ కాదు. తాడో పేడో ఆదివారం తేల్చుకోండి" అని.

ఆ వారం ఇల్లు ఇల్లులా లేదు. అన్నయ్య వీడి ఆట కంట్రోలర్‌ని మడమ కింద వేసి నలిపేశాడు. వీడు స్కిప్పింగ్ తాడుతో అన్నయ్య వీపు మీద వాతలు తేల్చాడు. వంటింట్లో కాగుతున్న నీళ్ళ గిన్నె నేను పక్కకి జరపకపోతే ఆ రోజే ఎవడో ఒకడు ఆసుపత్రిలో ఉండేవాడు. రాత్రి పడుకునేముందు తమ్ముడు నా గుమ్మంలో నిలబడి, "ఈ ఒక్కసారి గెలిస్తే చాలక్కా. ఇంకెప్పుడూ వాడితో దేనికీ పోటీపడను" అన్నాడు. నా మనసు అప్పుడే ఒకవైపు ఒరిగిపోయింది. గంట కొట్టేవాళ్ళకి మనసు ఉండకూడదని నాన్న చెప్పేవాడు.

ఆదివారం పొద్దున జిమ్‌కి సెలవు. షట్టర్ సగం దించాను. నాన్న గోడ పక్కన ఇనప కుర్చీలో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాడు. రౌండ్ల టైము ఆయనది, పడ్డవాడి లెక్క నాది. ఆయనకో బలహీనత ఉంది, ఇంట్లో అందరికీ తెలుసు గాని ఎవరూ పైకి అనరు. కొడుకుల్లో ఎవడు కిందపడ్డా ఆయన చూడలేడు. వాచీ ఆపేసి మొహం గోడవైపు తిప్పేసుకుంటాడు. వాడు లేచేదాకానో, నేను పది అనేదాకానో ఇటు తిరగడు.

గ్లవ్స్ పాతవి. కొత్తవాటికి బొటనవేలు కదలకుండా కుట్టేస్తారు. మావి అంతకుముందు కాలానివి, బొటనవేలు విడిగా ఊగుతుంటుంది. తలకి తొడుగు పెట్టుకోవడం అన్నదమ్ముల మధ్య నామోషీ కాబట్టి అదీ లేదు.

మొదటి రౌండ్ తమ్ముడిది. దొరికినట్టే దొరికి జారిపోతూ అన్నయ్య ముక్కు మీద నాలుగు తగిలించాడు. ముక్కు చితికి ఛాతీ అంతా ఎర్రబడింది. రెండో రౌండులో అన్నయ్య మొహం జోలికి పోలేదు. డొక్కల మీద కొట్టాడు. ఒక్కో దెబ్బకి బస్తా నేలకేసినట్టు చప్పుడు. తమ్ముడి చేతులు కొద్దికొద్దిగా కిందికి దిగడం మొదలైంది. మూడో రౌండ్ సగంలో పొట్టలో ఒకటి, దవడ కింద ఒకటి పడ్డాయి. వాడు బోర్లా పడిపోయాడు. నాన్న గోడకేసి తిరిగాడు. అన్నయ్య వెళ్ళి మూలన నిలబడ్డాడు.

ఒకటి, రెండు, మూడు మామూలుగానే అన్నాను. నోట్లోంచి రక్తం కలిసిన ఉమ్ము వాడి చెంప కింద మడుగు కట్టింది. నాలుగు అన్నాక మోచెయ్యి ఒకటి కదిలింది. నాకు గుమ్మంలో నిలబడి వాడన్న మాట గుర్తొచ్చింది. ఐదు అన్నాక ఊపిరి పీల్చుకున్నాను. ఆరు అన్నాక ఇంకా ఎక్కువసేపు ఆగాను. పొరపాటున కాదు, తెలిసే ఆగాను. అన్నయ్య మూలనుంచి నా వైపు చూశాడు. ఏడు. ఎనిమిది. వాడు మోకాళ్ళ మీదకి వచ్చాడు. తాడు పట్టుకున్నాడు. పూర్తిగా నిలబడ్డాక గాని నా నోట తొమ్మిది రాలేదు.

అన్నయ్య మూల నుంచి వచ్చిన తీరు వేరు. అప్పటిదాకా తమ్ముణ్ణి కొట్టాడు, ఇప్పుడు కొట్టింది పగవాణ్ణి. మొదటి దెబ్బ బొటనవేలితో సహా ఎడమ కంట్లో దిగింది. వాడు వెనక్కి వాలుతుండగానే రెండోది, తాడు మీద వేలాడుతుండగా మూడోది, నాలుగోది. గంట కొడుతూనే ఉన్నాను, తనకి వినపడలేదు. తాళ్ళ కింద నుంచి దూరి చేతికి వేలాడితే నన్ను విదిలించాడు. వెళ్ళి స్తంభానికి గుద్దుకున్నాను. "చాల్రా" అని నాన్న అరిచిన అరుపుకి ఆగాడు.

ఆ తర్వాత మంచుముక్కలు తెచ్చిందీ అన్నయ్యే, వీడి మొహం కడిగిందీ తనే. మా ఇంట్లో అది మామూలే. "కన్ను ఎలా ఉందిరా?" అంటే వీడు వాచిన పెదాలతో, "నీ ముక్కు కన్నా నయం" అన్నాడు. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కన్ను వంకాయ రంగుకి తిరిగి, పూర్తిగా మూసుకుపోయింది. వాపు తగ్గడానికి పది రోజులు పట్టింది. అన్ని రోజులూ పనికి వెళ్ళలేదు. అడిగితే బాగానే ఉందనేవాడు. నొప్పి అని చెప్పుకోవడం మా ఇంట్లో ఓడిపోవడం కంటే చిన్నతనం.

పదకొండో రోజు మధ్యాహ్నం ముగ్గురం మళ్ళీ షాపుకి వెళ్ళాం. చట్టం ప్రకారం వీడు వెళ్ళి, "ఆ పెద్దది ఇవ్వండి" అనాలి. అదే సేల్స్‌మన్, మమ్మల్ని గుర్తుపట్టి స్పీకర్లకి అడ్డంగా నిలబడ్డాడు.

"చెప్పరా" అన్నాడు అన్నయ్య.

వీడికో అలవాటుంది. ఫోన్ అద్దాలు బాగుచేసేటప్పుడు ఎడమ కంటికి భూతద్దం పెట్టుకుంటాడు గనక, ఏ తెర చూసినా కుడికన్ను మూసి ఎడమ కంటితో చుక్కలు వెతుకుతాడు. కొనేముందు అలాగే వంగి చూశాడు.

"ఇది బాగాలేదు. కింద మూల నల్లగా ఉంది" అన్నాడు.

సేల్స్‌మన్ దగ్గరికెళ్ళి చూశాడు. నేనూ చూశాను. తెరమీద నీలం సముద్రం, మూల దాకా నీలంగానే ఉంది.

"ఎక్కడ సార్?"

"అదేంటి, కనపడట్లేదా? పక్కది పెట్టండి."

పక్కది పెట్టాడు. దానికీ మూల నలుపే అన్నాడు వీడు. అటుపక్క ఇంకోటి. దానికీ అంతే. సేల్స్‌మన్ ఓపికగా రంగులు మార్చాడు, వెలుతురు పెంచాడు, తెరంతా తెల్లగా చేసి చూపించాడు. "తెలుపులో ఇంకా బాగా తెలుస్తోంది" అన్నాడు వీడు. అన్నయ్య మెడనరాలు ఉబ్బడం చూశాను.

"ఓడినవాడు ఓడినట్టుండాలి. పెద్దది కొనడం ఇష్టంలేక నాటకాలా?"

"నాటకం కాదన్నయ్యా, నిజంగానే—"

చెంప మీద కొట్టాడు. అరచేత్తోనే, కానీ అన్నయ్య అరచెయ్యి. వీడు తిరిగి కింద పడ్డాడు. అటుపక్క టీవీ చూస్తున్న పిల్ల ఒకర్తె ఏడుపు లంకించుకుంది. సేల్స్‌మన్, "సార్, పోలీసుల్ని పిలుస్తాను" అని ముందుకొచ్చి, వణుకుతూనే వీడికి చెయ్యిచ్చి లేపాడు. వీడు తిరగబడతాడనుకున్నాను. తిరగబడలేదు. కుడికన్ను మూసే ఉంచి, సేల్స్‌మన్ వంక కిందినుంచి పైకి చూశాడు. షాపు గుమ్మం వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"అక్కా, ఈయన చొక్కా మీద కూడా ఉంది" అన్నాడు మెల్లగా.

కంటి డాక్టరమ్మ చీకటిగదిలో చాలాసేపు చూసింది. దెబ్బ ఎప్పుడు తగిలిందని అడిగింది. చెప్పాం.

"మెరుపులు కనిపించాయా? చిన్న చిన్న ఈగలు తిరుగుతున్నట్టు?"

"మూడో రోజు నుంచి" అన్నాడు తమ్ముడు. ఆ మాట మాకూ అప్పుడే తెలిసింది.

"మరి మూడో రోజు ఎందుకు రాలేదు?"

"అదే తగ్గుతుందనుకున్నానండి."

ఆవిడ నా వైపు తిరిగింది. "కంటి వెనక పొర చిరిగి, గోడకి అంటించిన కాగితం చెమ్మకి ఊడినట్టు ఊడివచ్చేసిందమ్మా. మొదట్లోనే వస్తే చాలావరకు అంటించేవాళ్ళం. చేతులు కాలాక వచ్చారు. ఆపరేషన్ రేపే చేస్తాను. చూపు ఎంత మిగులుతుందో మాట ఇవ్వలేను." అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడి వింటున్నాడు. నేను తలెత్తి చూసేసరికి అక్కడ లేడు.

ఇంటికొచ్చేసరికి కింద జిమ్‌లోంచి చప్పుడు. అన్నయ్య రింగు మూల ఇనప స్తంభాన్ని ఉత్తచేత్తో గుద్దుతున్నాడు. ఏ చేత్తో కొట్టాడో ఆ చేత్తోనే. వేళ్ళ దగ్గర చర్మం లేచిపోయి తెల్లగా ఏదో కనపడుతోంది. స్తంభం మీద రక్తం, నేల మీద రక్తం. నేను పట్టుకున్నా ఆగలేదు. పైనుంచి నాన్న ఒక్కో మెట్టూ పట్టుకుని దిగాడు. ఏమైందో నేను చెప్పాను. కంటి సంగతి మాత్రమే చెప్పాను.

నాన్న చేతికర్రతో మొదలుపెట్టాడు. వీపు, భుజాలు, మెడ. అన్నయ్య నిలబడి తిన్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "పడి లేచినవాణ్ణి అంత దెబ్బ కొడతావురా? వాడు నీ తమ్ముడా, ఎవడనుకున్నావు?" అంటూ కర్ర విరిగేదాకా కొట్టాడు. విరిగాక మిగిలిన ముక్కతో కొట్టాడు.

"ఎందుకు కొట్టావో చెప్పు. అంత కోపం ఎందుకొచ్చిందో చెప్పు."

అన్నయ్య ఎర్రబడ్డ కళ్ళతో నేల చూశాడు గాని నోరు విప్పలేదు.

"నా ఇంటి మెట్టు ఎక్కకు. వాడి కన్ను తెచ్చి ఇచ్చాక ఎక్కు" అన్నాడు నాన్న. "నేనూ ఈ రింగు మొహం మళ్ళీ చూడను" అని కూడా అన్నాడు. నేను మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు, సగం దెబ్బలు నాకు మళ్ళేవి. తెరవలేదు. భయమే. మా ఇంట్లో నన్ను ఎప్పుడూ ఎవరూ కొట్టలేదు, ఆ అలవాటు లేని భయం ఎంతటి నీచానికైనా దింపుతుంది.

అన్నయ్య చేతిలో మూడు ఎముకలు విరిగాయి. పిండికట్టుతో జిమ్‌లో ఒక మూల పక్క వేసుకున్నాడు. భోజనం నేను తీసుకెళ్ళేదాన్ని. తినేవాడు, గిన్నె తిరిగి ఇచ్చేవాడు. నేను కూర్చోబోతే, "పైన వాడికేం కావాలో చూడు పో" అనేవాడు.

తమ్ముడు రెండు వారాలు బోర్లా పడుకోవాలన్నారు. ఆపరేషన్‌లో కంట్లోకి ఎక్కించిన గాలి బుడగ పొరని వెనక్కి నొక్కి పెట్టాలంటే మొహం నేలకే ఉండాలట. మంచం చివర తల కిందికి వేలాడేసి, నేల మీద పళ్ళెం పెట్టుకుని తినేవాడు. జట్టువాళ్ళు వచ్చి ఆ నేల మీదే కూర్చుని, వాడి బదులు ఇంకొకర్ని తీసుకున్నామని చెప్పారు. "మంచి పని చేశారు" అన్నాడు. వాళ్ళు వెళ్ళాక కన్నీళ్ళు తిన్నగా నేల మీద పడ్డాయి.

కట్టు విప్పాక ఆ కంటికి వెలుతురు తెలుస్తోంది. ఎదురుగా వేళ్ళు పెడితే ఎన్నో చెప్పలేడు.

ఆ వారంలోనే షాపువాళ్ళు పెట్టె తెచ్చి దించారు. చిన్నది, సెకనుకి నూట ఇరవై బొమ్మలది. పిండికట్టు చేతి ఆరడుగులాయన వచ్చి, తన సొంత డబ్బు కట్టి, పేరు మాత్రం తమ్ముడిది రాయించాడని చెప్పారు. గెలిచినవాడు వెళ్ళి ఓడినవాడు కోరింది అడిగి తేవడం మా ఇంట్లో అదే మొదలు. నాన్న పెట్టె వంక చూసి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు అది విప్పకుండా పడి ఉంది. అయిదో రోజు పొద్దున తమ్ముడే డ్రిల్లు తీశాడు. ఒంటి కంటితో దూరం అందక, మొన పెట్టిన చోట కాక పక్కన దిగేది. గోడకి మూడు వృథా కన్నాలు పడ్డాయి. నేను టీవీ ఒక చివర ఎత్తి పట్టుకున్నాను, వాడు మరలు బిగిస్తున్నాడు. ఆ బరువు చేతుల మీద ఉండగానే నాకు ఇక మోయడం చేతకాలేదు.

"ఒరేయ్, ఆ రోజు నేను మెల్లగా లెక్కపెట్టాను."

"తెలుసు" అన్నాడు మర తిప్పుతూనే.

"తెలుసా?"

"కింద పడ్డవాడికి చెవులు బాగా పనిచేస్తాయక్కా. మూడు దగ్గరే అనుకున్నా, ఇక లేవద్దని. పోనీ వాడి పెద్ద టీవీయే కొనుక్కుందాం, ఎక్కడో ఒకచోట సాధన చేసుకుంటాలే అనుకున్నా. నువ్వు సాగదీస్తున్నావు. నాకోసం అంత చేస్తుంటే లేవకపోతే బాగుండదనిపించింది."

మర బిగిసింది. వాడు రెండోది నోట్లోంచి తీశాడు. "అన్నయ్యకీ తెలుసు. వాడు ఎన్ని పోటీల్లో ఆ లెక్క విన్నాడు? అందుకేగా ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఆసుపత్రిలో నాతో ఒట్టు పెట్టించుకున్నాడు, నాన్నకి చెప్పొద్దని. దాన్ని కొడితే తట్టుకోలేదురా అన్నాడు."

టీవీ ఎలా వదిలానో తెలియదు, వాడే మోకాలు అడ్డం పెట్టి ఆపుకున్నాడు.

నాన్న మంచం మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నాడు. నిలబడే చెప్పేశాను. "లెక్క నేను తప్పాను నాన్నా. కావాలనే. తమ్ముడు లేచేసరికి పది ఎప్పుడో దాటిపోయింది. మీరు గోడవైపు చూస్తున్నారు. అన్నయ్యకి కోపం వచ్చింది నా వల్ల. తమ్ముడు లేచింది నా వల్ల."

ఆయన చెయ్యి పైకి లేచింది. నేను మొహం తిప్పుకోలేదు. కొట్టమనే వెళ్ళాను. ఆ దెబ్బ నాకు కావాలి. అంత ఆకలిగా నేను దేన్నీ కోరుకోలేదు. ఆ నూనె చెయ్యి గాల్లోనే ఆగి, నా భుజం మీదకి దిగి, లేవడానికి ఆసరా పట్టుకుంది.

"కిందికి తీసుకెళ్ళు" అన్నాడు.

ఒక్కో మెట్టుకీ ఆగుతూ దిగాం. ఆయన బరువంతా నా మీదే. అన్నయ్య చాప మీద కూర్చుని, ఎడమ చేత్తో గ్లవ్స్ బొటనవేళ్ళని అరచేతి వైపుకి కలిపి కుడుతున్నాడు. నా కొట్టులోంచి తెచ్చుకున్న దబ్బనం, దళసరి దారం. కుట్లు కోతి కుట్టినట్టున్నాయి. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. వీపు మీద కర్ర దెబ్బలు పచ్చబడి ఇంకా కనిపిస్తున్నాయి.

"ఒరేయ్ పెద్దాడా" అన్నాడు నాన్న. "ఆ రోజు నీ చెల్లెలు లెక్క తప్పిందిట. నీకు తెలుసా?"

అన్నయ్య నా మొహం వంక చూశాడు. చూడగానే అర్థమైపోయింది తనకి, నేనే చెప్పేశానని.

"లేదు నాన్నా. అది సరిగ్గానే లెక్కపెట్టింది" అన్నాడు.

నాన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇంకేమైనా అడుగుతాడనుకున్నాను. తాడు మీద చెయ్యి ఆనించి, ఊపిరి కూడదీసుకుని, "పక్క చుట్టి పైకి రా" అన్నాడు. అన్నయ్య ఒంటి చేత్తో చాప చుట్టడానికి వంగాడు. నీళ్ళు నిండి నాకు కళ్ళు కనపడటం లేదు. వెళ్ళి రెండో చివర పట్టుకుంటే వద్దనలేదు.